బొంత కొలత

పోయిన చలికాలంలో బెంగుళూరు నుంచి ఒక అమ్మాయి కొరియర్‌లో పాత బొంత పంపింది. వాళ్ళ నాయనమ్మ కుట్టినది. పొడవు 71 అంగుళాలు, వెడల్పు 44. "అక్కా, దీన్ని క్వీన్ సైజు చేసివ్వగలరా? మా మంచానికి సరిపోవట్లేదు" అని వాట్సాప్‌లో అడిగింది. నేను ఇంట్లోనే బొంతలు కుట్టి అమ్ముతాను. కొత్తవి కుట్టడం, చిరిగినవాటికి అతుకులెయ్యడం, పెద్దవి కత్తిరించి పిల్లల మంచాలకి చిన్నవి చెయ్యడం నాకు అలవాటే. ఎవరో కుట్టిన పాత బొంతని పెద్దది చెయ్యమని అడగడం మాత్రం అదే మొదటిసారి. సరేనన్నాను. ఆ తర్వాత దాన్ని నేల మీద పరిచి, చుట్టూ తిరుగుతూ రెండు రోజులు ఏమీ చెయ్యకుండా గడిపాను.

ఆ 71, 44 అంకెలు నన్ను ఆపాయి. చీర ఐదున్నర మీటర్లు, అంటే దాదాపు 216 అంగుళాలు. వెడల్పు 45, 46. చీరని మూడు ముక్కలు చేస్తే ఒక్కోటి 72 అంగుళాలు, ఆరడుగులు. అంచులు లోపలికి మడిచి కుట్టేసరికి ఒకటి రెండు అంగుళాలు పోతాయి. అంటే ఆ నాయనమ్మ టేపు పట్టుకోలేదు. చీరని మూడు మడతలు వేసి కత్తెర పెట్టింది. పైకొకటి, కిందికొకటి, నడుమ ఒకటి, ఆ నడుమ దానితో పాటు ఇంట్లో చిరిగినవన్నీ. ఒక మనిషి పడుకోవడానికో, ఒక మనిషి కప్పుకోవడానికో సరిగ్గా సరిపోతుంది. మా అమ్మమ్మ కుట్టిన బొంతలూ ఇదే కొలత. కొలత అని ఆవిడ ఎప్పుడూ అనలేదు, "చీర మూడొంతులు" అనేది, అంతే.

అదే చీరని మూడుకి బదులు రెండుగా కోసి, రెండు సగాలనీ పక్కపక్కన జోడిస్తే 108 బై 90. ఈ రోజు నేను అమ్మే క్వీన్ సైజు దుప్పటి కొలత అదే. 60 అంగుళాల మంచం మీద పరిస్తే అటూ ఇటూ చెరో 15 అంగుళాలు వేలాడుతుంది. మూడో వంతు మనిషి కొలత, సగం మంచం కొలత. ఈ లెక్క దొరికినప్పుడు నాకు భలే సంతోషమేసింది, కానీ పని ముందుకి కదల్లేదు. మనిషి కొలతకి కుట్టిన దాన్ని మంచం కొలతకి మార్చమని అడిగితే ఏం చెయ్యాలి?

ఆ రెండు రోజుల్లోనే మళ్ళీ జీస్ బెండ్ గురించి చదవడం మొదలుపెట్టాను. బొంతల వ్యాపారంలో ఉన్నవాళ్ళెవరైనా ఎప్పుడో ఒకప్పుడు ఆ ఊరి పేరు వినే ఉంటారు. నేను విన్నది బొమ్మల ద్వారా. ఆ బొంతల ఫోటోలు చూసి, అమ్మమ్మ ఇంట్లో దండెం మీద ఆరేసినవి గుర్తొచ్చి, కాసేపు కంప్యూటర్ ముందు అలాగే కూర్చుండిపోయాను. ఈసారి వాటి అందం పక్కన పెట్టి లెక్కల కోసం చదివాను. ఎవరు కొలిచారు, ఎవరు కొన్నారు, ఎంతకి కొన్నారు అని.

అమెరికా దక్షిణాన, అలబామా రాష్ట్రంలో, అలబామా నది ఒకచోట గుర్రపు నాడాలాగా వంపు తిరుగుతుంది. ఆ వంపులో ఇరుక్కున్న నేలే జీస్ బెండ్. 1816లో జోసెఫ్ గీ అనే ఆసామి అక్కడ పత్తి తోట పెట్టాడు. 1840లలో అది మార్క్ పెట్‌వే చేతికి వచ్చింది. అతను నార్త్ కరొలినా నుంచి దాదాపు వందమంది బానిసలని అంత దూరమూ కాలినడకన తీసుకొచ్చాడు. బానిసత్వం పోయాక కూడా ఆ మనుషులు అక్కడే కౌలుదార్లుగా ఉండిపోయారు, యజమాని ఇంటి పేరుతో సహా. ఈ రోజుకీ బొంతల కింద సంతకాలు చూస్తే సగానికి సగం పెట్‌వేలే. లొరెట్టా పెట్‌వే, అర్లోన్జియా పెట్‌వే, మిజోరీ పెట్‌వే. ఒకరికొకరు చుట్టాలు కావచ్చు, కాకపోవచ్చు.

1932లో వాళ్ళకి అప్పు మీద సరుకులిచ్చే వర్తకుడు చనిపోయాడు. అతని కుటుంబం బాకీల కింద ఊరి మీద పడి పశువులూ, పనిముట్లూ, గాదెల్లో గింజలూ తోలుకుపోయింది. ఆ చలికాలం రెడ్ క్రాస్ పిండి పంపకపోతే ఊరు మిగిలేది కాదు. 1937లో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఆ భూమి కొని, ఇళ్ళు కట్టించి, 1940లలో తక్కువ వడ్డీ అప్పుల మీద కౌలుదార్లకే అమ్మింది. ఆ 1937లోనే ప్రభుత్వం తరఫున ఆర్థర్ రాత్‌స్టీన్ అనే ఫోటోగ్రాఫర్ వచ్చాడు. అతను తీసినవాటిలో జొరీనా పెట్‌వే అనే ఆవిడ ఇద్దరు ఆడపిల్లలతో కలిసి బొంత కుడుతున్న ఫోటో ఒకటి ఉంది. వెనక గోడకి పాత పత్రికల కాగితాలు అంటించి ఉంటాయి. చలిగాలి లోపలికి రాకుండా గోడలకి కాగితం, మనుషులకి బొంత.

ఆ బొంతలు ఎలా తయారయ్యేవో చదువుతుంటే పోలికలు వెతకాల్సిన పనే లేకపోయింది. పొలానికి కట్టిన బట్టలు చిరిగితే ముక్కలయ్యేవి. పిండి సంచులూ ఎరువు సంచులూ కింది పొరయ్యేవి. నడుమ నింపడానికి చేలో, జిన్నులో రాలిన పత్తిని ఏరుకొచ్చి, కర్రలతో కొట్టి పొరలుగా పరిచేవాళ్ళు. పై పొరని ఎవరికి వాళ్ళు ఒంటరిగా, తమకి తోచినట్టు కుట్టుకునేవాళ్ళు. తర్వాత పొరలన్నీ కలిపి చట్రానికి బిగించి, చుట్టూ నలుగురూ కూర్చుని కుట్లు వేసేవాళ్ళు. మన బొంతకి చట్రం ఉండదు. నేల మీద పరిచి, కదలకుండా మూలల మీద నాలుగు బరువులు పెట్టి, దాని మీదే కూర్చుని కుడతాం. తేడా అక్కడే. ఒక పెద్ద చతురస్రం లోపల ఇంకోటి, దానిలో ఇంకోటి వచ్చేలా కుట్టే నమూనాని వాళ్ళు 'హౌస్‌టాప్' అంటారు. ఏ నమూనాకీ లొంగకుండా కుడితే దాని పేరు 'మై వే', నా పద్ధతి.

అన్నిటికన్నా నన్ను కదిలించేది మిజోరీ పెట్‌వే 1942లో కుట్టిన బొంత. భర్త చనిపోయాడు. అతని పని బట్టలన్నీ, ప్యాంట్లూ చొక్కాలూ, విప్పి ముక్కలు చేసి, అతన్ని తలచుకుంటూ కప్పుకోడానికి ఒక బొంత కుట్టుకుంది. ఆ సంగతి కూతురు అర్లోన్జియా తర్వాత చెప్పింది, తనూ ఆ బట్టలు విప్పడంలో సాయం చేసింది కాబట్టి. ఇలాంటి పని బట్టల బొంతల్లో మోకాళ్ళ దగ్గర గుడ్డ తెల్లబారి ఉంటుంది. జేబు ఊడదీసిన చోట ఎండ తగలక ముదురు రంగు చతురస్రం మిగిలిపోతుంది. ఎవరూ గీయని డిజైను అది, ఒంటి మీద ఉండి తయారైంది.

ఇక అమ్మకం సంగతి. 1965 మొదట్లో విల్కాక్స్ కౌంటీలో నల్లవాళ్ళే ఎక్కువమంది, ఓటరు జాబితాలో మాత్రం వాళ్ళలో ఒక్కరి పేరూ లేదు. ఆ ఫిబ్రవరిలో మార్టిన్ లూథర్ కింగ్ జీస్ బెండ్ వచ్చాడు. జనం ఓటు కోసం నది దాటి కౌంటీ కేంద్రం కామ్డెన్‌కి వెళ్ళేందుకు అంతకు ముందు ఒక పడవ రేవు ఉండేది. దాన్ని 1962లోనే ఆపేశారు. నది మీదుగా కాసేపట్లో చేరే ఊరికి రోడ్డు మీద నలభై మైళ్ళ పైన చుట్టు తిరగాలి. ఆ పడవ మళ్ళీ నడిచింది 2006లో, 44 ఏళ్ళకి! ఓటు నమోదుకి వెళ్ళినందుకు చుట్టుపక్కల ఎంతోమంది కౌలుదార్లని పొలాల నుంచి వెళ్ళగొట్టారు.

అప్పుడు ఆ ప్రాంతంలో తిరుగుతున్న ఫ్రాన్సిస్ ఎక్స్. వాల్టర్ అనే చర్చి ఫాదరీకి ఒక ఇంటి ముందు దండెం మీద ఆరేసిన బొంతలు కనిపించాయి. 700 డాలర్ల గ్రాంటు ఏదో సంపాదించి, ఊరూరా తిరిగి ఒక్కోటి 10 డాలర్లకి కొన్నాడు. న్యూయార్క్‌లో వేలం వేయించాడు. 1966 మార్చిలో ఆడవాళ్ళంతా చేరి 'ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ' అనే సహకార సంఘం పెట్టుకున్నారు. ఎస్టెల్ విదర్‌స్పూన్ అనే ఆవిడ దాన్ని ఏళ్ళ తరబడి నడిపింది. పది డాలర్లు ఎక్కువా తక్కువా అని ఇప్పుడు వాదించుకోవచ్చు. అప్పటిదాకా బొంతకి వెల అనేదే లేదన్న మాట మర్చిపోకూడదు. పాతబడ్డ బొంతలని దోమలు పోవడానికి తగలబెట్టి పొగ పెట్టేవాళ్ళు వాళ్ళు.

సంఘం సంపాదించిన డబ్బుతో 23 ఎకరాలు కొన్నారు. అందులో కొంత, పొలాల నుంచి గెంటేసిన కుటుంబాలకి ఇళ్ళ స్థలాలుగా అమ్మారు. 1969లో సొంత కుట్టు కేంద్రం కట్టుకుని దానికి కింగ్ పేరు పెట్టుకున్నారు. కింగ్ శవపేటిక ఉన్న బండిని అంతకు ముందటేడు లాగిన కంచర గాడిదలు జీస్ బెండ్‌వే. బొంతల చరిత్ర అని మొదలుపెడితే ఎక్కడికి తేలుతున్నానో చూడండి. కానీ వీటిని విడదీసి చెప్పడం నాకు చేతకాదు.

నా ప్రశ్న ఇక్కడే మొదలవుతుంది. వోగ్ పత్రిక వాళ్ళు మెచ్చుకున్నారు, చిత్రకారిణి లీ క్రాస్నర్ వచ్చి కొనుక్కుంది, బ్లూమింగ్‌డేల్స్ లాంటి పెద్ద దుకాణాల నుంచి ఆర్డర్లు వచ్చాయి. దుకాణం ఆర్డరు అంటే ఏమిటి? చిన్నదైనా నాకూ అనుభవమే. ఒకే నమూనా, ఒకే రంగులు, ఒకే కొలత, పాతికో యాభయ్యో. ఒక బొంత మూల కాస్త పక్కకి జరిగినా తిరిగొచ్చేస్తుంది. జీస్ బెండ్ బొంతల్లో నాలుగు అంచులూ సమానంగా ఉన్నవి వెతకాలి. గుడ్డ ఎంతుంటే అంత, నలుగురు పిల్లలు పడుకునే మంచం ఎంతుంటే అంత. వాళ్ళు ఇప్పుడు టేపు పెట్టి, దుకాణం పుస్తకంలో మంచం సైజులు చూసి, ఒకరు కుట్టినదీ ఇంకొకరు కుట్టినదీ గుర్తుపట్టలేనట్టు కుట్టాల్సొచ్చింది. కొందరు కుట్టలేక మానేశారు. కొందరికి అదే జీవితంలో మొదటి జీతం. చేతిలో సొంత చెక్కు పట్టుకున్న ఆడవాళ్ళ ముందు నిలబడి, మీ కళ చచ్చిపోతోందమ్మా అనడానికి నాకైతే నోరు రాదు.

ఆ తర్వాత జరిగింది మరీ చిత్రం. 1972లో సియర్స్ కంపెనీకి కార్డురాయ్ దిండు కవర్లు కుట్టే కాంట్రాక్టు వచ్చింది. వందలకొద్దీ ఒకే కొలత కవర్లు, విసుగు పని. కత్తిరించగా మిగిలిన కార్డురాయ్ ముక్కలు మాత్రం ఇళ్ళకి చేరాయి. పసుపు, ముదురు ఆకుపచ్చ, ఎరుపు, గోధుమ. కార్డురాయ్ మందం, చిన్న ముక్కలకి లొంగదు, అందుకని పెద్ద పెద్ద పట్టీలుగా, పలకలుగా కుట్టారు. రాత్రి పూట, తమ కోసం, 'నా పద్ధతి'లో. ఆ కార్డురాయ్ బొంతలే ముప్ఫై ఏళ్ళ తర్వాత మ్యూజియం గోడలెక్కినవాటిలో ముఖ్యమైనవి. పగలు దుకాణం కొలతకి, రాత్రి సొంత కొలతకి. దీన్ని చదివాక నా కుట్టుమిషన్ కింద మూట కట్టి పెట్టిన గుడ్డ పీలికల వైపు కొంచెం గౌరవంగా చూశాను.

1990ల చివర్లో విలియం ఆర్నెట్ అనే కళాసేకరణదారు ఒక పుస్తకంలో ఫోటో చూశాడు. కట్టెల మోపు మీద పరిచిన ఒక బొంత, పక్కన దాన్ని కుట్టిన ఆనీ మే యంగ్. వెతుక్కుంటూ ఊరొచ్చి ఆ బొంత కొన్నాడు, ఇంకా వందలు కొన్నాడు. 2002లో హ్యూస్టన్‌లో, ఆ వెంటనే న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ప్రదర్శన జరిగింది. విమర్శకులు ఆధునిక చిత్రకళతో పోల్చారు. 2006లో అమెరికా తపాలా శాఖ పది బొంతలతో స్టాంపులు వేసింది. 2007లో ఆనీ మే యంగ్, లొరెట్టా పెట్‌వే, లూసిండా పెట్‌వే ఫ్రాంక్లిన్ ఆర్నెట్ మీదా ఆయన సంస్థల మీదా కేసులు వేశారు, తమ డిజైన్ల మీద రావాల్సిన డబ్బు రాలేదని. ఆయన ఒప్పుకోలేదు. మరుసటేడు కేసులు ముగిసిపోయాయి. ఊళ్ళో ఆర్నెట్‌ని ఇప్పటికీ దేవుడిలా తలచుకునేవాళ్ళూ ఉన్నారు. ఎవరు మంచి, ఎవరు చెడు అని తీర్పు చెప్పడం నా వల్ల కాదు. కానీ ఆ గొడవ దేని గురించో చూడండి. బొంత అమ్మేశాక, ఆ గీతలు ఎవరివి? కప్పుకునే హక్కు కొన్నవాడిది, సరే. దాని బొమ్మని రగ్గు మీద అచ్చేసి అమ్ముకునే హక్కు? ఇంట్లో వాడుకోడానికి కుట్టినంత కాలం ఈ ప్రశ్న ఎవరికీ రాలేదు.

ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ 2012లో మూతపడింది. 2021లో మాత్రం జీస్ బెండ్ ఆడవాళ్ళు కొందరు ఎట్సీలో సొంత దుకాణాలు తెరిచారు. ఇంటి నుంచే ఫోటో పెడతారు, కొలత రాస్తారు, వెల వాళ్ళే చెబుతారు, వాళ్ళే ప్యాకు చేసి పంపుతారు. పెద్ద బొంతలు వేల డాలర్లు పలుకుతున్నాయి. 2024లో టార్గెట్ దుకాణాలు అయిదుగురి డిజైన్ల స్ఫూర్తితో చొక్కాలూ నీళ్ళ సీసాలూ అమ్మాయి. వాళ్ళకి ఇచ్చింది అమ్మకాల్లో వాటా కాదు, ఒకసారి ఇచ్చే ఏకమొత్తం. పది డాలర్ల రోజుల నుంచి ఎంత దూరం వచ్చారో, ఎంత దూరం రాలేదో రెండూ ఒకేసారి కనిపిస్తాయి.

మన దగ్గర ఇలాంటి కథ లేదు. ఎందుకు లేదని చాలాసార్లు ఆలోచించాను. బెంగాల్ కంథకి గురుసదయ్ దత్ దొరికాడు, స్టెల్లా క్రామ్రిష్ దొరికింది. ఆవిడ సేకరించినవి ఇవాళ ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉన్నాయి. కంథ అన్నా బొంత అన్నా ఒకటేనని మన నిఘంటువులూ చెబుతాయి. కానీ కంథ అనగానే కళ, బొంత అనగానే పేదరికం. నేను చూసిన మన మ్యూజియాల్లో బొంత ఎక్కడా కనపడలేదు. బెంగాల్ కంథ మీద ఏనుగులూ పల్లకీలూ పూలూ కుట్టారు, అందుకే సేకరించారు అంటారు. నిజమే కావచ్చు. మన బొంతకి చుట్టూ చదరంగా తిరుగుతూ మధ్యకి చేరే కుట్టు తప్ప బొమ్మలుండవు. కానీ ఆ చదరాల్లో చదరాలు జీస్ బెండ్ హౌస్‌టాప్‌లాగే ఉంటాయి. చూసేవాళ్ళు లేకపోయారు.

నేను మొదట్లో బొంత అని రాసి పెడితే ఎవరూ కొనలేదు. 'శారీ క్విల్ట్' అని మార్చాక ఆర్డర్లొచ్చాయి. సిగ్గుగానే చెప్తున్నాను. ఇప్పుడు రెండూ రాస్తున్నాను, బొంత ముందు.

ఆ అమ్మాయి బొంత దగ్గరికి వస్తాను. పాత బొంతని పెద్దది చెయ్యడానికి దారులు రెండే. ఒకటి, కుట్లు విప్పేసి, పొరలు విడదీసి, కొత్త గుడ్డ జోడించి మళ్ళీ మొదటి నుంచీ కుట్టడం. చూడ్డానికి అది చక్కగా వస్తుంది. కానీ చేతి కుట్టు ఒకచోట తెగితే వరసంతా వదులైపోతుంది. పైగా యాభై ఏళ్ళ చీర, పట్టుకుంటే చిరిగేలా ఉంది. రెండోది, పాతదాన్ని ముట్టుకోకుండా నడుమ ఉంచి చుట్టూ అంచులు వెయ్యడం. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. 44ని 90 చెయ్యాలంటే అటూ ఇటూ చెరో 23 అంగుళాలు కలపాలి. నడుమ ఉన్నదానికన్నా చుట్టూ ఉన్నదే ఎక్కువైపోతుంది.

అంచు అతికేందుకు ఒక మూల కాస్త విప్పి చూశాను. లోపల చీర మూడో ముక్క, దాని పక్కన గళ్ళ లుంగీ, ఒక తెల్ల పంచె, దాని పక్కన ఖాకీ గుడ్డ. బడి నిక్కరో, ఆఫీసు చొక్కానో తెలీదు. జేబు ఊడదీసిన చోట ముదురు రంగు చతురస్రం.

ఫోటో తీసి పంపాను. పది నిమిషాలకి ఫోనొచ్చింది. "అది మా తాతయ్యదక్కా. ఆర్టీసీలో చేసేవాడు" అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ తర్వాత, "పోనీ పెద్దది చెయ్యొద్దులే, అలాగే పంపేయండి" అంది. ఇక్కడ నేను వ్యాపారస్తురాలిలా మాట్లాడాను. అలాగే పంపితే నువ్వు బీరువాలో పెట్టేస్తావు, అది మడతల దగ్గర చిరుగుతుంది, కప్పుకునేలా చేస్తాను ఉండు అన్నాను. వాళ్ళమ్మ చీరొకటి పంపమన్నాను. దాన్ని రెండుగా కోసి, జోడించి, 108 బై 90 కింది పొర తయారుచేశాను. దాని నడుమ నాయనమ్మ బొంతని పెట్టి, చుట్టూ నా దగ్గరున్న పీలికలతో అంచు నింపాను. పాతదాన్ని కొత్తదానికి నాలుగు వైపులా దూరం దూరం కుట్లతో మాత్రమే పట్టించాను, అదీ వేరే రంగు దారంతో. ఆ దారం లాగేస్తే ఎప్పుడు కావాలన్నా 71 బై 44 విడిగా వచ్చేస్తుంది. ఖాకీ ముక్క ఉన్న మూల మళ్ళీ మూసేశాను, ఎక్కడుందో తెలిసేలా బయట ఒక చిన్న చదరం కుట్టి.

ఐదు వారాలు పట్టింది. బిల్లు చూసి, "పాతదాని చుట్టూ అంచేసినందుకు ఇంతా?" అని అడిగింది వాళ్ళాయన. గంటలు లెక్కేసి పంపాను. ఆ సాయంత్రమే డబ్బు పంపారు, ఐదు వందలు తగ్గించి.